పాడుబడిన ఊరా, పాడుబెట్టిన ఊరా?

ఇంగ్లండులోని యార్క్‌షైర్ వోల్డ్స్ సుద్దరాతి గుట్టల నడుమ, ఒక లోయ అంచున వారమ్ పెర్సీ అనే గ్రామం ఉండేది. నేడక్కడ మిగిలినవి పచ్చిక కప్పిన ఇళ్ళ పునాదులూ, పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చీ. మన పల్లెల్లో పాటిదిబ్బ అంటామే, అటువంటి చోటన్నమాట. ఒకప్పుడు దీనికి ప్రభువులైన పెర్సీ వంశీయుల పేరే ఊరిపేరులో నిలిచిపోయింది.

ఇటువంటి ఊళ్ళను 1348-49 నాటి మహామారి మింగివేసిందని లోకంలో ఒక వాడుక. 1948లో మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఇక్కడికి వచ్చాడు. 1950లో ఆయన మొదలుపెట్టిన తవ్వకాలు, పురాతత్త్వవేత్త జాన్ హర్స్ట్ కూడా తోడవగా, 1990 వరకు ఏటా వేసవిలో సాగాయి. నలభై ఏళ్ళ ఆ శ్రమ వేరొక కథ చెప్పింది.

ఆ కథకు మొదటి సాక్షి చర్చి. చిన్న కట్టడంగా మొదలై, ఊరు పెరిగిన 12, 13 శతాబ్దాలలో ఇరువైపులా పక్క నడవలతో విస్తరించింది. జనం తగ్గాక ఆ నడవలను తొలగించి, కమానులను రాళ్ళతో పూడ్చివేశారు. పూడ్చిన ఆ కమానులు గోడలో నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఒక ఊరి జనాభా లెక్క రాతిలో వ్రాసిపెట్టినట్లుంటుంది.

మహామారి ప్రాణాలను బలిగొన్న మాట నిజమే. కాని ఊరు చావలేదు. ఆ తరువాత మరో నూటయాభై ఏళ్ళు బ్రతికింది. అయితే జనం తగ్గడంతో కూలి పెరిగింది. ధాన్యం కన్న ఉన్ని లాభసాటి అయింది. పదిమంది దున్నే పొలం పచ్చికబయలైతే ఒక్క గొర్రెల కాపరి చాలు! రమారమి 1500 నాటికి భూస్వామి చివరి కుటుంబాలను వెళ్ళగొట్టి గొర్రెలను తోలించాడు. 1517లో రాజాజ్ఞపై జరిగిన విచారణలో, ఇక్కడ నాలుగిళ్ళు కూలాయనీ, నాలుగు నాగళ్ళు ఆగాయనీ నమోదైంది.

ఊరు పోయినా చర్చి వెంటనే పోలేదు. పొరుగున ఉన్న థిక్సెన్‌డేల్ వాసులు గుట్టలు దాటి ఆరాధనకు వస్తూండేవారు. 1870లో వారికి సొంత చర్చి వెలిసింది. 1959లో పాత చర్చి గోపురం సగం కూలిపోయింది.

"పాడుబడు" అకర్మక క్రియ. అందులో చేసినవాడు కనిపించడు. "పాడుబెట్టు" సకర్మకం, కర్త ఎవరో చెప్పక తప్పదు. మిత్రులారా, మహామారి మీద నెపం వేస్తే ఎవరినీ ప్రశ్నించనక్కరలేదు. వారమ్ పెర్సీ విషయంలో మాత్రం రెండవ క్రియనే వాడవలసి ఉంటుంది.