కడప సీమలో అనుదిన వాక్యం

ఉదయాన లేచి ఒక బైబిలు వాక్యం చదువుకొని, దాని భావాన్ని కొంతసేపు మననం చేసి, ఆ తరువాతే దినచర్యలోకి దిగడం తెలుగు క్రైస్తవ కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న అలవాటు. ఇది ఎక్కడ పుట్టింది, కరువు సీమగా పేరుపడిన కడపకు చేరి ఏ అర్థాన్ని సంతరించుకొంది అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది.

రోజుకొక వాక్యం అన్న పద్ధతికి ప్రసిద్ధమైన మూలం జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న గ్రామం. మతహింసకు తాళలేక మొరేవియా నుండి వలస వచ్చినవారికి జిన్‌జెండార్ఫ్ ప్రభువు తన భూమిలో అక్కడ చోటిచ్చాడు. 1728 మే 3న ఆయన సాయంకాల ఆరాధనలో మరునాటి కోసం ఒక వాక్యం ఇచ్చాడు. ఆపైన ప్రతిదినమూ ఆనాటి వాక్యాన్ని ఇంటింటికీ చేరవేసేవారు. 1731 నుండి తేదీలవారీగా పుస్తకరూపంలో వెలువడుతున్న ఈ సంకలనానికి వారు పెట్టుకొన్న పేరు కావలివారి సంకేతపదాన్ని సూచిస్తుంది. అంటే ఆనాటి వాక్యం పనిలో నిలిచిన మనిషికి మెలకువ చెప్పే మాట.

జిన్‌జెండార్ఫ్ బాల్యంలో చదువుకొన్నది హాలే పట్టణంలో. ఆ ఊరితో మన తెలుగుకూ బంధముంది. బెంజమిన్ షుల్జ్ 1746-47లో తొలి తెలుగు అచ్చు పుస్తకాలను వెలువరించింది అక్కడే. వాటిలో ఒకదాని పేరు ‘నూరు జ్ఞాన వచనాలు’. ఆయన బైబిలును కూడా తెలుగు చేశాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు. తరువాత 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆ పనిని మళ్ళీ మొదలుపెట్టారు. ఆనందరాయరు వారికి తోడ్పడ్డాడు. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ జీవించి లేరు. ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లో పని ప్రారంభించింది. దానికి రెండేళ్ళ ముందే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. వేమన పద్యాలను సేకరించి 1829లో ప్రచురించిన ఆయన, బైబిలు తెలుగు అనువాదం మీద కూడా శ్రమించాడు. కడపలో ఆయన నివసించిన చోట నేడు ఆయన పేరుతో గ్రంథాలయం నిలిచి ఉంది.

అయితే అనువాదం అచ్చయినంత మాత్రాన వాక్యం ఇంటికి చేరదు. చదవగల మనిషి ఉండాలి. ఈ సీమలో క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో అధికులు దళిత కుటుంబాలవారు. తరాల తరబడి అక్షరానికి దూరంగా ఉంచబడినవారు. మిషను బడిలో కూడబలుక్కొని చదివిన పిల్లవాడు సాయంత్రం ఇంట్లో ఒక్క వాక్యం చదివితే, ఆ ఇంటికి అది ఆనాటి ధ్యానమే కాదు. పుస్తకం మీద దొరికిన హక్కు కూడా.

1876-78 నాటి ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను అతలాకుతలం చేసింది. ఆ తరువాత తెలుగునాట చాలామంది క్రైస్తవులయ్యారు. గంజి కోసం మతం మారారన్న ఎత్తిపొడుపు ఆనాటి నుండి వినవస్తున్నదే. ఆకలి ప్రభావం లేదనడం సత్యం కాదు. కాని ఒంగోలులో క్లౌ కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ పనులు ముగిశాకే, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కేంద్రం మూతపడ్డాక కూడా మనిషి వాక్యాన్ని పట్టుకొని ఉన్నాడంటే, కారణం గంజి ఒక్కటే కాజాలదు.

నిర్గమకాండము 16వ అధ్యాయంలోని మన్నా కథ ఈ సీమవాసికి వివరించనక్కరలేదు. ఏ రోజు మన్నా ఆ రోజుకే. విశ్రాంతి దినానికి ముందురోజు తప్ప, మరునాటికి దాచుకొంటే పురుగు పట్టింది. రోజుకూలితో సంగటి వండుకొనే ఇంటికి ఇది నిత్యానుభవం. మనిషి రొట్టెతోనే బ్రతకడన్న బోధ ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయంలో ఉంది. అదే వాక్యం దేవుడు ఆకలిగొన్నవారికి మన్నా పెట్టిన సంగతినీ చెబుతుంది. కూడు పెట్టకుండా చెప్పిన నీతి కాదది. జమ్మలమడుగులో మిషను ఆసుపత్రిని నిలిపినవారు ఈ సంగతి గ్రహించినవారే అనుకొంటాను.

ఇరవయ్యవ శతాబ్దంలో తెలుగు క్రైస్తవులు అమితంగా ఆదరించిన అనుదిన ధ్యాన గ్రంథం ‘ఎడారిలో సెలయేర్లు’. జపానులో సేవచేసిన లెట్టీ కౌమన్, భర్త వ్యాధితో పడిన వేదన నుండి కూర్చిన ఈ పుస్తకం 1925లో ఇంగ్లీషులో వెలువడింది. పేరు యెషయా 35వ అధ్యాయం నుండి వచ్చింది. వాన కోసం ఆకాశం వంక చూసే రైతుకు ఆ పేరు వట్టి ఉపమానంగా వినిపించదు.

ఈనాడు డిసెంబరు 31 రాత్రి మన సంఘాలలో వాగ్దాన కార్డు తీసుకొనే ఆచారం విస్తరించింది. తప్పు లేదు, హెర్న్‌హూట్‌లోనూ వాక్యాలను చీటీలు తీసే ఎంచేవారు. అయితే కార్డు జాతకం కాకూడదు. సమాధానకరమైన భవిష్యత్తును గూర్చి చెప్పే యిర్మీయా 29:11 చాలామందికి ప్రియమైన వాగ్దానం. దాని పై వాక్యంలోనే డెబ్బై ఏళ్ళ చెర ప్రస్తావన ఉంది. ఆ లేఖ అందుకొన్నవారికి ప్రవక్త చెప్పింది ఇళ్ళు కట్టుకోమని, తోటలు నాటుకోమని, తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని. వాగ్దానాన్ని ఆ పనుల నుండి విడదీస్తే మిగిలేది అదృష్టపు చీటీ.

అనుదిన వాక్యానికి ఈ సీమలో నాకు తోచే గీటురాయి హబక్కూకు మూడవ అధ్యాయం చివరి భాగం. చేను పండకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానంటాడు ప్రవక్త. పంట చేతికి రాని సంవత్సరంలోనూ చదువుకోగల వాక్యమే అనుదిన వాక్యం. చదివినవాడు ఆ రోజు పొరుగువాడి ఖాళీ కుండను కూడా చూడగలిగితే, ఆ పూట ధ్యానం నెరవేరినట్లే.