రెండు పేర్ల పెద్దలు

మాది బోధన్ పక్కన ఒక క్యాంపు. నిజాంసాగర్ కాలువల కింద భూములు కొనుక్కుని గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల్లో మా తాతగారొకరు. చెరుకు బళ్ల వెంట పరుగెత్తి గడలు లాక్కుతింటూ, చక్కెర ఫ్యాక్టరీ సైరను వినపడితే బడికి బయల్దేరుతూ పెరిగినవాణ్ణి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉన్న యూదుల సమాజమందిరం ప్రత్యేక సంచికకు వ్యాసం రాస్తున్నానంటే, "బోధన్ వాడివి, నీకేం తెలుసని రాస్తావు?" అని మా ఇంట్లోనే అడిగారు. మా మేనత్తను ఇచ్చింది చేబ్రోలు దగ్గరే. చిన్నప్పుడు వేసవి సెలవులు అక్కడే గడిచేవి. పెద్దయ్యాక పెళ్లిళ్లకు, చావులకు, పొలం పనులకు ఆ దారిన తిరుగుతూనే ఉన్నాను. కొత్తరెడ్డిపాలెం పెద్దలు కొందరు నన్ను పేరు పెట్టి పిలిచేంత దగ్గరయ్యారు. ఈ మధ్య వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే ఒప్పుకున్నాను.

సమాజం చరిత్రను కమిటీవారు అడిగినంత వరకు చెబుతాను. అష్షూరు రాజులు చెరపట్టి చెదరగొట్టిన ఇశ్రాయేలు పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం ఒకటి. ఆ గోత్రంవాళ్లు పారసీకం, కాశ్మీరం మీదుగా ఉత్తరదేశానికి, అక్కడి నుంచి తెలుగు నేలకు చేరారని, తాము వాళ్ల సంతతేనని బెనె ఎఫ్రాయిము అని పిలిచే ఈ సమాజం పెద్దలు చెప్పుకుంటారు. ఊరి లెక్కలో మాత్రం వాళ్లు మాదిగలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ జిల్లాల్లో మాదిగ పల్లెలకు పల్లెలే బాప్టిస్టు సంఘాల్లో చేరాయి. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్ల తాతముత్తాతలు కూడా ఆ కాలపు మార్పులోనే చర్చికి వెళ్లారు. వందేళ్లు గడిచాయి. బోధకుడిగా ఉన్న షమూయేలు యాకోబి గారు 1980ల మొదట్లో యెరూషలేము చూసి వచ్చి, మన పెద్దల ఆచారాల మూలం అక్కడుందన్నారు. 1991లో సాదోక్ యాకోబి గారి ఆధ్వర్యంలో కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం తలుపులు తెరుచుకున్నాయి. తెలుగు బైబిలు చదివినవాళ్లకు సమాజమందిరమన్న మాట కొత్త కాదు. అది తమ వాడలోనే లేస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

వేల ఏళ్ల వంశావళికి చరిత్రకారులు ఆధారాలు అడుగుతారు. అడగడం వాళ్ల పని. నేను కళ్లారా చూసింది వేరు. పొద్దంతా మిరపచేలో వంగిన నడుముతో శుక్రవారం సాయంత్రానికి ఇల్లు చేరి, స్నానం చేసి, దీపం వెలిగించి, మర్నాడు విశ్రాంతిదినమని కూలి వదులుకున్న మనుషుల్ని చూశాను. శనివారం పనికి రాకపోతే వచ్చే వారం పిలవనన్న ఆసామికి, "సరేనండి" అని తల వంచి చెప్పి కూడా వెళ్లని మనుషుల్ని చూశాను. ఆ ఒక్కరోజు కూలి విలువ ఎంతో కూలికి వెళ్లే ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

వాళ్లలో ఒక పెద్దమ్మ ఉండేది. నేను వెళ్లినప్పుడల్లా టీ పెట్టేది. ఒకసారి పొయ్యి పక్క నుంచి ఒక గిన్నె తీయబోయి, "ఇది కూరది" అని అక్కడే ఉంచి, చూరు కింద బోర్లించిన మరో గిన్నె తెచ్చింది. పాలకు వేరు, మాంసానికి వేరు. "మాకు కలవకూడదు బాబూ" అంది. గిన్నెలు రెండూ సత్తువే, రెండూ సొట్టలు పోయినవే. నాకు మా క్యాంపు ఇంటి పశువుల కొట్టం గుర్తొచ్చింది. అక్కడ గూట్లో ఒక గ్లాసు విడిగా ఉండేది. పాలేర్లకు మా నాయనమ్మ దాంట్లోనే పై నుంచి మజ్జిగ వంచేది. నేనూ వంచాను. ఆ పూట టీ తాగుతూ ఆ సంగతి పెద్దమ్మకు చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల తర్వాతి రోజులు పండుగలతో, పాఠాలతో గడిచాయి. 2004లో మాత్రం ఉగ్రవాదులు ఈ యూదుల మీద దాడికి చూస్తున్నారన్న వార్త గుప్పుమంది. వాడకు పోలీసులొచ్చారు. అప్పటిదాకా, "యూదులట, మీరెక్కడి యూదులు?" అన్న ఊరివాళ్లు పత్రికలు చూసి నోళ్లు మూసుకున్నారు. ఎవరూ ఒప్పుకోని పేరు కోసమే ప్రాణభయం కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఒక పెద్దాయన నాతో, "చంపడానికి వచ్చేవాడికి మేమెవరమో తెలిసింది, కాయితం రాసేవాడికే తెలియట్లేదు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. ఆయనా పోయాడు.

సంబరాల సంచికలో కాయితం సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ పెద్దలు బతికినన్నాళ్లూ అదే మాట్లాడేవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. యూదులకు లేదు. కుల కాయితంలో యూదులమని రాయిస్తే పిల్లలకు చదువులో, ఉద్యోగంలో రిజర్వేషను పోతుంది. రాయించకపోతే బయటి యూదులు, "మీ కాయితాల్లో లేదే" అంటారు. వీళ్లలాగే చెదిరిన గోత్రాల సంతతిమని చెప్పుకునే మణిపూర్, మిజోరంలలోని బ్నేయి మెనాషెలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో గుర్తించారు. వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. వాళ్ల ఫొటోలు చూసి మన పెద్దలు సంతోషించారు, తమ వంతు వస్తుందని ఎదురు చూశారు. చూస్తూ చూస్తూనే మట్టిలో కలిశారు.

చేయూతనిచ్చినవారిని తలుచుకోవడం ధర్మం. దూరాన ఉన్న యూదు సమాజాలను ఆదుకునే అమెరికా సంస్థ ‘కులాను’, దాని తరఫున వచ్చి వీళ్ల మధ్య ఉండి పాఠాలు చెప్పిన రబ్బీ జెరాల్డ్ సస్‌మన్, బొనీటా సస్‌మన్ దంపతులు, వాడలో నివసించి పరిశోధన చేసిన షాహిద్ పర్వేజ్, ఆయనతో కలిసి 2013లో ఈ సమాజం మీద పుస్తకం తెచ్చిన యూలియా ఎగొరోవా, వీరందరికీ నమస్కారం. ఆ పుస్తకాల్లో, పత్రికల్లో పేర్లకెక్కనివాళ్లు ఇంకా ఉన్నారు. మందిరం ఊడ్చినవాళ్లు, వానకు తడవకుండా చాపలు మోసుకెళ్లినవాళ్లు, పర్ణశాలల పండుగకు కొబ్బరి మట్టలు కొట్టుకొచ్చి పందిరి వేసినవాళ్లు, అతిథులకు మంచాలిచ్చి తాము నేల మీద పడుకున్నవాళ్లు. చనిపోయినవారి కోసం కద్దిష్ ప్రార్థన చెప్పాలంటే పదిమంది మగవాళ్లుండాలి. పదో మనిషి కోసం పక్క ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఆయన కూడా ఇప్పుడు కద్దిష్ చెప్పించుకునే వరసలో చేరాడు.

పెద్దమ్మ పోయిన కబురు అందేసరికి నేను బోధన్‌లో ఉన్నాను. వెళ్లేసరికి అంతా అయిపోయింది. పూలు వద్దు, రాయి పెట్టమన్నాడు కొడుకు. యూదుల పద్ధతి అది. పక్క చేను గట్టు మీద గులకరాయి ఏరి పెట్టాను. తిరిగి వస్తుంటే ఇంట్లోకి పిలిచి ఒక నోటుబుక్కు చూపించాడు. సమాజమందిరంలో మనవళ్లతో పాటు కూర్చుని ఆమె అక్షరాలు నేర్చుకున్న పుస్తకం అది. పేజీల నిండా కుడి నుంచి ఎడమకు వంకరటింకరగా ఒకటే మాట. ఆమెకు మందిరంలో పెట్టిన హెబ్రీ పేరు. రేషను కార్డులో ఉన్నది వేరే పేరు. ఆ పేరుకు జీవితాంతం వేలిముద్రే వేసింది. తెలుగులో సంతకం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మన పెద్దల్లో చాలామందికి ఇలాగే రెండేసి పేర్లు. సంచిక చివర పోయినవారి పట్టిక వేస్తున్నామని కమిటీవారు చెప్పారు. సర్కారు కాయితాల్లో ఉన్న పేర్లే పంపమని అడిగారట. దయచేసి రెండు పేర్లూ వేయండి. చోటు చాలదంటే నా వ్యాసం కుదించండి. ఆమె తన చేత్తో రాసుకున్నది రెండో పేరే.