గ్రీన్ హైడ్రోజన్: పూడిమడక నుంచి ఒమన్ దాకా.. తెలుసుకోవాల్సిన విషయాలు

అసలు ఏంటిది?
నీటిలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. ఈ పని చేసే యంత్రమే ఎలక్ట్రోలైజర్. అందుకు వాడే కరెంటు సోలార్, గాలిమరల నుంచి వస్తే ఆ వాయువును గ్రీన్ హైడ్రోజన్ అంటారు.

ఎందుకు అవసరం?
రిఫైనరీలకు, యూరియా తయారీకి హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు ఎక్కువగా సహజ వాయువు నుంచే తీస్తున్నారు. కిలో హైడ్రోజన్‌కు దాదాపు 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. మన దేశం వాడే గ్యాస్‌లో సుమారు సగం దిగుమతే. గల్ఫ్‌లో గొడవ జరిగితే ఇక్కడ ఎరువుల ఖర్చు పెరిగేది అందుకే.

తెలుగు నేలపై..
కేంద్రం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారుచేయాలన్నది లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. అక్కడ రోజుకు 1,500 టన్నుల ఉత్పత్తి లక్ష్యంగా పెట్టుకున్నారు. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్లాంటు చేపట్టిన ఏఎం గ్రీన్ హైదరాబాద్ సంస్థే. చందానగర్ పక్కనే యూనిట్ ఉన్న భెల్ కూడా ఎలక్ట్రోలైజర్ టెక్నాలజీ కోసం 2024లో బార్క్‌తో ఒప్పందం చేసుకుంది.

ఒమన్ ఏం చేస్తోంది?
చమురు మీదే బతికిన ఈ చిన్న దేశం 2022లో హైడ్రోమ్ అనే సంస్థను పెట్టింది. దుక్మ్, ధోఫార్ ప్రాంతాల్లో ప్రాజెక్టులకు భూములు కేటాయిస్తోంది. 2030కి ఏటా 10 లక్షల టన్నులు తీయాలన్నది దాని లక్ష్యం.

చిక్కులు ఏంటి?
మొదటిది ధర. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. అందుకే గ్యాస్‌తో తీసిన దానికంటే ఇది ఖరీదు. రెండోది నీళ్లు. కిలోకు కనీసం 9 లీటర్లు కావాలి. 1,500 టన్నులంటే రోజుకు 1.35 కోట్ల లీటర్లు! సముద్రపు నీటిని శుద్ధి చేసి వాడొచ్చు. కానీ మిగిలే ఉప్పునీటిని ఎక్కడ వదులుతారన్నది తీరంలోని మత్స్యకారులకు బతుకు సమస్య.

మన పిల్లలకు పని దొరుకుతుందా?
ఇలాంటి ప్లాంట్లలో ఎలక్ట్రీషియన్, వెల్డర్, పైప్ ఫిట్టర్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులు ఉంటాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవాళ్లకు ఇవి కొత్త కాదు. ప్లాంటు వస్తుందన్న మాట వేరు, ఉద్యోగ ప్రకటన వేరు. ఒమన్ వెళ్లాలనుకునేవారు డబ్బు కట్టే ముందే ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉందో లేదో చూసుకోవాలి.