డెత్ రోడ్ మీద సైకిల్, లంబసింగిలో బైక్: అసలు ఈ ఘాట్‌లు ఎవరు తవ్వారు?

మీ రీల్స్‌లో ఈ వీడియో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మట్టి రోడ్డు, హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ళ మీద దూసుకుపోయే కుర్రాళ్ళు. అది సౌత్ అమెరికాలో బొలీవియా దేశంలో ఉన్న యుంగాస్ రోడ్డు. లోకం పెట్టిన పేరు డెత్ రోడ్. ఈ ఎపిసోడ్ ఆ రోడ్డు గురించి, దాంతోపాటు మన మన్యంలో ఉన్న ఒక రోడ్డు గురించి. రెండింటికీ ఉన్న లింకు ఏంటో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు లెక్కలు చూద్దాం. లా పాజ్ సిటీ దాటాక లా కుంబ్రే అనే చోట సైకిల్ ఎక్కుతారు. ఎత్తు సుమారు 4,650 మీటర్లు. అక్కడ గాలి పీలిస్తే అందే ఆక్సిజన్ మన బెజవాడలో అందేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. దిగేది కొరోయికో ఊరి దగ్గరికి, దాదాపు 1,200 మీటర్ల ఎత్తుకి. మొత్తం 60 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున మంచులో వణుకుతూ మొదలుపెడితే మధ్యాహ్నానికి అరటిచెట్ల మధ్య చెమటలు కక్కుతాం. నేనూ దిగాను. కాలవ గట్ల మీద సైకిల్ తొక్కి పెరిగినవాణ్ణి. కృష్ణా డెల్టాలో ఎత్తు అంటే దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డే కదా! అలాంటివాడికి అక్కడ తొక్కే పనే పెద్దగా లేదు, పనంతా బ్రేకులదే. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తు నుంచి దిగేటప్పుడు గాలి, బ్రేకులు కలిసి దాదాపు 30 లక్షల జౌల్స్ మింగాలి. ఒక యూనిట్ కరెంటుకి కొంచెం తక్కువ. అందుకే గైడ్‌లు దారిలో ఆపి ఆపి బ్రేక్ ప్యాడ్‌లు చెక్ చేస్తుంటారు.

అక్కడ ఇంకో వింత రూల్ ఉంది. బొలీవియా అంతా బండ్లు కుడివైపు నడుస్తాయి. ఈ ఒక్క రోడ్డు మీద మాత్రం ఎడమవైపు. దిగే బండి లోయ అంచునే ఉండాలి, ఎక్కే బండికే దారి ఇవ్వాలి. ఎందుకంటే అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. డ్రైవర్ కిటికీలోంచి తొంగి చూస్తే తన టైరు అంచుకి ఎంత దూరంలో ఉందో కనబడుతుంది. కొన్నిచోట్ల రోడ్డు వెడల్పు 3 మీటర్లే మరి. 1983లో ఒకే బస్సు లోయలో పడి 100 మందికి పైగా చనిపోయారు. 1995లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు దీన్ని ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన రోడ్డు అంది. 2006లో బైపాస్ వచ్చాక లారీలు, బస్సులు చాలావరకు అటు వెళ్ళిపోయాయి. పాత రోడ్డు సైకిళ్ళకి మిగిలింది.

దిగాక టీషర్ట్ ఇస్తారు, ప్రాణాలతో బయటపడ్డాను అని రాసి ఉంటుంది. సరదాగానే ఉంటుంది. కానీ ఈ రోడ్డు తవ్వింది ఎవరో తెలిశాక ఆ మాట అంత తేలిగ్గా అనిపించదు. 1932 నుంచి 1935 దాకా బొలీవియాకీ, పరాగ్వేకీ మధ్య చాకో యుద్ధం జరిగింది. అందులో పట్టుబడిన పరాగ్వే సైనికులతో, యుద్ధ ఖైదీలతో, ఈ కొండని తొలిపించారు. పరాగ్వే చాలావరకు చదునైన దేశం, మన డెల్టా లాగే. అలాంటి నేల మీద పుట్టినవాళ్ళు ఆండీస్ కొండ అంచున పలుగు పట్టారు. వద్దు అనే ఆప్షన్ వాళ్ళకి లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి. చలికాలం వీకెండ్ వస్తే బైకులన్నీ అక్కడే, మంచులో సెల్ఫీలు. వందేళ్ళ కిందట, ఇదే రూట్‌లో బ్రిటిష్ వాళ్ళు రోడ్డు వేయించారు. అడవిలో కలప కిందికి రావాలి, పోలీసులు పైకి పోవాలి, అందుకు దారి కావాలి. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయం మీద ఆంక్షలు పడ్డాయి. కొండ మీద బతుకు ఇరుకైపోయింది. దానికి తోడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల్ని బలవంతంగా రోడ్డు పనికి తోలాడు. ఇవ్వాల్సిన కూలి కూడా సరిగ్గా ఇవ్వలేదు.

మన్యం తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఈ రోడ్డు ఒకటి. సినిమాల్లో మనకి బాణాలు, డైలాగులు గుర్తుంటాయి, కూలి డబ్బుల గొడవ గుర్తుండదు. బాస్టియన్ వల్ల దెబ్బతిన్నవాళ్ళే గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. వాళ్ళు అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేశారు. ఘాట్‌లో ఎంత పెద్ద దళమైనా ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఆ దాడిలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. పాలకులు కొండెక్కడానికి వాడుకున్న ఇరుకు దారే వాళ్ళకి ఉచ్చు అయ్యింది.

1924 మే 7న రాజుని కాల్చి చంపారు. గంటందొర కూడా అదే ఏడాది చనిపోయాడు. మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్ళాడు. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికల్లో, 1952లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఈ చివరి విషయం నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. 2022లో కొత్త జిల్లాకి అల్లూరి పేరు పెట్టారు. మంచిదే. మరి ఆ రోడ్డు మీద రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు?

యుంగాస్ రోడ్డు పక్కన మలుపు మలుపుకీ శిలువలు కనిపిస్తాయి. అవి లోయలో పడ్డవాళ్ళవి. తవ్వినవాళ్ళ సంగతి చెప్పే గుర్తు నాకు దారిలో ఒక్కటీ కనపడలేదు. లంబసింగి వ్యూ పాయింట్ దగ్గరా అంతే.

ఘాట్‌కి వెళ్ళొద్దని నేను అనను. వెళ్ళండి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ వాడండి, ఎక్కే బండికి దారి ఇవ్వండి. వ్యూ పాయింట్‌లో టీ తాగేటప్పుడు ఆ ఊరి పెద్దవాళ్ళు ఎవరైనా కనిపిస్తే, ఈ రోడ్డు ఎప్పుడు పడింది, ఎవరు వేశారు అని అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. సెల్ఫీకి ఇచ్చే టైంలో పది నిమిషాలు చాలు.