క్రీడా (కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ)

వానపైనే ఆధారపడే సేద్యంలో నేల, నీరు, వాతావరణాలను కలిపి అధ్యయనం చేసే జాతీయ సంస్థ. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో మొదలుపెట్టిన అఖిల భారత మెట్ట వ్యవసాయ సమన్వయ పథకం దీనికి పునాది. 1985లో ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. ఆ పథకం కేంద్రాల్లో అనంతపురం ఒకటి.

హయత్‌నగర్, గునుగల్ క్షేత్రాల్లోని ఎర్ర చల్క నేలలు దీని ప్రయోగశాలలు. ఈ నేలలు తేమను ఎక్కువకాలం నిలుపుకోలేవు; వాన వెలిసి ఎండ కాస్తే పైపొర గట్టిపడి మొలకను పైకి రానివ్వదు. అందుకే వాలుకు అడ్డంగా దున్నడం, సాళ్ల మధ్య నీటిని నిలపడం, పారే నీటిని పంట కుంటల్లో పట్టి బెట్ట సమయంలో ఒక తడి ఇవ్వడం ఇక్కడి పరిశోధనలో ప్రధానాంశాలయ్యాయి. ఆ ఒక్క తడి పంటను నిలబెట్టగలదు.

2011లో ప్రారంభమైన వాతావరణ అనుకూల వ్యవసాయ జాతీయ కార్యక్రమాన్ని (నిక్రా) ఈ సంస్థే సమన్వయం చేస్తోంది. పైకప్పు లేని గదుల్లో కార్బన్ డయాక్సైడ్ పెంచి పైర్ల స్పందనను కొలుస్తారు. వానలు ఆలస్యమైతే ఏ పంట వేయాలో చెప్పే జిల్లా ప్రత్యామ్నాయ ప్రణాళికలు రైతుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన ఫలితం.