చీజ్‌కి ఒకే వరుస

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పుస్తకం ఒకటుంది. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కలిసి కూర్చినది. బియ్యం, పప్పులు, ఆకుకూరలు, చేపలు ఇలా మనం తినే ప్రతిదీ వంద గ్రాములు తింటే ఒంటికి ఏమేం అందుతాయో పట్టికలు కట్టి చెప్పే పుస్తకం. హోమ్‌సైన్స్ విద్యార్థినులు దాన్ని తరాల తరబడి బట్టీ పట్టారు. పాల పదార్థాల పేజీ తీస్తే కోవాకి మూడు వరుసలు కనబడతాయి: గేదెపాల కోవా, వెన్న తీసిన గేదెపాల కోవా, ఆవుపాల కోవా. చీజ్‌కి మాత్రం ఒకటే వరుస. ప్రొటీను 24.1 గ్రాములు, కొవ్వు 25.1 గ్రాములు, కాల్షియం 790 మిల్లీగ్రాములు, శక్తి 348 కిలోకేలరీలు. ఏ చీజ్? ఏ పాలతో చేసింది? ఎన్నాళ్ళు మాగింది? ఆ ఊసే లేదు.

ఇది తప్పు పట్టడం కాదు. ఆ రోజుల్లో మన ఇళ్ళలో చీజ్ మొహం చూసినవాళ్ళే తక్కువ. కోవా రుచుల్లో తేడా పసిగట్టే నాలుకకి చీజ్‌లో రకాలతో పనేముంది? అయినా ఆ ఒంటరి వరుస కంటబడినప్పుడల్లా నాకు బ్రిటన్ గుర్తొస్తుంది. జిల్లాకో చీజ్ ఉన్న ఆ దేశం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిజంగానే తన చీజ్‌లన్నిటినీ తీసుకెళ్ళి ఇంచుమించు ఒకే వరుసలో కుక్కేసింది. ప్రజల ఆరోగ్యం కోసమే ఆ పని చేసింది. ఆరోగ్యం దక్కింది కూడా. చీజ్‌లే దక్కలేదు.

పాలల్లోంచి ఏం మిగులుతుంది

కిలో గట్టి చీజ్ చేయాలంటే సుమారు పది లీటర్ల ఆవుపాలు కావాలి. గోరువెచ్చటి పాలకి తోడు వేసి, లేగదూడ నాలుగో పొట్టలో ఊరే రెన్నెట్ కొంచెం కలిపితే, పాలలోని కేసీన్ అనే ప్రొటీను గడ్డ కడుతుంది. కడుతూ కడుతూ కొవ్వుని కూడా తనలో పట్టేస్తుంది. ఆ గడ్డని కోసి, తేట వార్చి, ఉప్పు వేసి, బరువు కింద అదిమి, నెలల తరబడి మాగబెడతారు. తేటతో పాటు నీళ్ళూ, పాల చక్కెరా, కొన్ని బి విటమిన్లూ పోతాయి. మిగిలిన కాస్త చక్కెరని సూక్ష్మజీవులు తినేస్తాయి. పాలు తాగితే పొట్ట ఉబ్బేవాళ్ళలో చాలామందికి మాగిన చీజ్ సరిపడేది అందుకే.

అసలు కిటుకు కాల్షియంలో ఉంది. రెన్నెట్‌తో గడ్డ కడితే కాల్షియం చాలావరకు కేసీన్‌ని అంటిపెట్టుకుని ఉండిపోతుంది. నిదానంగా పులియబెట్టి గడ్డ కట్టించే కాటేజ్ చీజ్ లాంటి మెత్తటి రకాల్లో అదే కాల్షియం తేటలోకి జారిపోతుంది. చెడార్ అనే గట్టి చీజ్ వంద గ్రాముల్లో ఏడు వందల మిల్లీగ్రాములు దాటే కాల్షియం, కాటేజ్ చీజ్‌కి వచ్చేసరికి వందకి అటూ ఇటూగా పడిపోతుంది. కాబట్టి చీజ్‌లో కాల్షియం దండిగా ఉంటుందని ఎవరైనా అంటే, ఏ చీజ్‌లో అని అడగడం చాదస్తం కాదు.

ఇక్కడ మన మాట ఒకటి. మన నిఘంటువులు చీజ్‌ని జున్ను అంటాయి. తెలుగు బైబిల్లో దావీదు యుద్ధభూమికి మోసుకెళ్ళినవి కూడా జున్నుగడ్డలే. కానీ ఈనిన గేదె ముర్రుపాలతో మనం వండుకునే జున్నుకి తోడూ అక్కర్లేదు, రెన్నెట్టూ అక్కర్లేదు, ఆవిరి చాలు. చీజ్ చేసేటప్పుడు తేటలో కొట్టుకుపోయే రకం ప్రొటీన్లు ముర్రుపాలలో మెండుగా ఉంటాయి. జున్నుని గట్టిపరిచేవి అవే. అంటే అక్కడ వాళ్ళు పారబోసింది ఇక్కడ మన గిన్నెలో పేరుకుంటుందన్నమాట. రెండింటికీ ఒకే పేరు పెట్టిన అనువాదకుల అవస్థ అర్థం చేసుకోదగ్గదే.

నావికుల పళ్ళకి పరీక్ష

చీజ్ బలమైన తిండి అని చెప్పడానికి ప్రయోగశాలలు అక్కర్లేకపోయింది. నిలవ ఉంటుంది, పొయ్యి అక్కర్లేదు, జేబులో పడుతుంది. 1677లో శామ్యూల్ పెపీస్ అనే అధికారి ఇంగ్లండ్ నౌకాదళానికి భోజనం పద్దు ఖరారు చేసినప్పుడు, మనిషికి వారానికి 12 ఔన్సుల చీజ్ రాశారు. ఇప్పటి లెక్కలో 340 గ్రాములు. మాంసం లేని రోజుల్లో లోటు తీర్చేవాటిలో అదొకటి.

కానీ కాగితం మీద చీజ్ అని ఉంటే ఓడలోకి ఎక్కింది సఫోక్ చీజ్. ఆ జిల్లా రైతులు మీగడంతా తీసి వెన్న చేసి లండన్‌కి అమ్ముకునేవారు. మిగిలిన నీరుకారు పాలతో చీజ్ చేసేవారు. అది రాయి. దాని మీద జోకులు ఓ పుస్తకానికి సరిపడా పుట్టాయి. ఆ పద్దు రాసిన పెపీస్ ఇంట్లోనే, 1661లో, సఫోక్ చీజ్ తినమంటే పనివాళ్ళు సణిగారని, దానికి తన భార్యకీ తనకీ చిరాకేసిందని ఆయన డైరీలో రాసుకున్నారు. నావికుల సణుగుడు వినడానికి నౌకాదళానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1758లో గానీ సఫోక్‌ని పక్కనపెట్టి కొవ్వున్న చెషైర్ చీజ్ ఎక్కించలేదు. ఆకలి తెలిసినవాడికీ పద్దు రాసేవాడికీ మధ్య దూరం ఎంతుంటుందో చెప్పడానికి ఈ ఎనభై ఏళ్ళు చాలు.

సైకిళ్ళెక్కిన పట్టిక

1933లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి వంటగదిలో ఇద్దరు కలిశారు. రాబర్ట్ మెకాన్స్ అప్పటికే పండ్లలో, కూరగాయల్లో చక్కెర ఎంతుందో లెక్కలు కట్టిన వైద్యుడు. ఎల్సీ విడోసన్ యాపిల్ పండ్ల రసాయనం మీద పనిచేసి వచ్చిన యువతి. మీ అంకెలు తప్పండీ అని మొహం మీదే చెప్పింది. ఆయన కోపగించుకోలేదు, తనతో పనిచేయమన్నారు. ఆ పని దాదాపు 60 ఏళ్ళు సాగింది. తిండి పదార్థాల రసాయనిక కూర్పు మీద 1940లో వాళ్ళు అచ్చువేసిన పట్టికలు నేటికీ బ్రిటన్‌లో వాళ్ళ పేర్లతోనే వెలువడుతున్నాయి.

యుద్ధం మొదలవగానే ఆ ఇద్దరికీ ఒక సందేహం వచ్చింది. ఓడలు ఆగిపోయి, దేశంలో పండేదే తినాల్సొస్తే మనుషులు నిలబడతారా? దాన్ని తమ ఒంటి మీదే తేల్చుకున్నారు. గుడ్డు, మాంసం, పాలు, చీజ్ అన్నీ కొలిచి కొద్దికొద్దిగా, రొట్టె, బంగాళాదుంప, క్యాబేజీ ఎంత కావాలంటే అంత. మూడు నెలలు అలా తిని, చలికాలంలో కేంబ్రిడ్జి నుంచి లేక్ డిస్ట్రిక్ట్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళి, అక్కడి కొండలెక్కి దిగారు. మనుషులు బాగానే నిలిచారు. నమలడానికి గంటలు పట్టడం, పొట్టలో గాలి చేరడం తప్ప పెద్ద ఇబ్బంది రాలేదు.

ఒక్కచోటే లెక్క తప్పింది. కాల్షియం. ముడి గోధుమ రొట్టెలోని ఫైటిక్ ఆమ్లం, తిన్న కాల్షియాన్ని పేగులోనే కట్టిపడేస్తోంది. పాలూ చీజూ పుష్కలంగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. అవి తగ్గేసరికి బయటపడింది. విరుగుడేమిటంటే పిండిలో సుద్ద కలపడం. నిజం సుద్దే, కాల్షియం కార్బొనేట్. నేటికీ బ్రిటన్‌లో తెల్ల గోధుమపిండిలో అది కలపాలని చట్టం ఉంది.

తార్నాక పుస్తకాన్ని కూడా ఈ కళ్ళద్దాలతోనే చదవాలి. అందులో రాగులకి 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆవుపాలకి 120, గేదెపాలకి 210. రాగులన్నా చోళ్ళన్నా తైదలన్నా, ఆ గింజలోనూ ఫైటిక్ ఆమ్లం ఉంది. గింజని మొలకెత్తించి పిండి ఆడించిన అవ్వకీ, అంబలిని రాత్రంతా పులియబెట్టిన అమ్మకీ ఆ పేరు తెలియదు. దాన్ని తగ్గించే పని మాత్రం చేసేశారు.

అగ్గిపెట్టె ముక్క

బ్రిటన్ తినే చీజ్‌లో పెద్ద వాటా న్యూజిలాండ్, కెనడాల నుంచి ఓడల్లో వచ్చేది. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచుతుంటే, ఓడలో ప్రతి అడుగు చోటుకీ విలువ కట్టాల్సొచ్చింది. పాలు మోయాలంటే నీళ్ళు మోసినట్టే. చీజ్ అంటే నీళ్ళు వదిలేసిన పాలు. ఆహార మంత్రి లార్డ్ వూల్టన్‌కి శాస్త్ర సలహాదారుగా ఉన్న జాక్ డ్రమండ్ ఈ లెక్క ఎరిగిన మనిషి. విటమిన్లని ఎ, బి, సి అక్షరాలతో వరుసగా పిలుద్దామని 1920లో సూచించింది ఈయనే.  

1941 మే నెలలో చీజ్‌కి రేషను పెట్టారు. మనిషికి వారానికి ఒక ఔన్సు. 28 గ్రాములు, అగ్గిపెట్టెంత ముక్క. అమెరికా నుంచి సరుకు రావడం మొదలయ్యాక రేషను పెరిగి, 1942 జులైలో 8 ఔన్సులకి చేరింది, మళ్ళీ పడింది. మాంసం కూపన్లు వదులుకున్న శాకాహారులకి అదనంగా ఇచ్చారు. పొలాల్లో పనిచేసేవాళ్ళకి, భూమి లోపల గనుల్లో దిగేవాళ్ళకి కూడా అదనమే. క్యాంటీన్ దగ్గర లేక చద్ది మూట కట్టుకెళ్ళేవాళ్ళు వాళ్ళు. ఆ అదనపు రేషను చాలాకాలం 12 ఔన్సులు. పెపీస్ నావికుడికి రాసిన కొలతే, ఇరవయ్యో శతాబ్దపు జీవరసాయన శాస్త్రం చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ అక్కడే ఆగింది!

ఇక చీజ్‌లు దక్కకపోయిన రెండో సగం. దేశంలో చీజ్‌కి మళ్ళించిన పాలన్నీ గట్టి రకాలకే పోవాలన్నారు. నిలవుండాలి, రవాణాలో చెదరకూడదు, తీగతో కోస్తే పొడి రాలకూడదు. అలా పుట్టిందే ‘గవర్నమెంట్ చెడార్’. స్టిల్టన్ చీజ్ చేయడం ఆపించారు. లెస్టర్ చీజ్‌కి ఎర్రరంగు వేసే జాఫరా గింజల్ని నిషేధించారు. దాంతో అది తెల్లబోయింది, అక్షరాలా. యుద్ధం తరవాత రంగు తిరిగొచ్చినప్పుడు, ఆ తెల్లదానికీ దీనికీ తేడా తెలియడానికే ‘రెడ్ లెస్టర్’ అన్న పేరు స్థిరపడింది.

అన్నిటికంటే నన్ను కదిలించేది కేర్‌ఫిల్లీ కథ. దక్షిణ వేల్స్ బొగ్గు గనుల ఊరి పేరు అది. అక్కడి తెల్లటి, తేమగల, ఉప్పని చీజ్ గని కార్మికుల చద్ది పెట్టెల్లో ఉండేది. గనిలో చెమటతో పోయిన ఉప్పుని తిరిగిస్తుందని వాళ్ళ నమ్మకం. వారాల్లోనే తినేయాల్సిన చీజ్ కనుక నిలవకి పనికిరాదని సర్కారు దాన్ని చేయవద్దంది. గని కార్మికుడికి చీజ్ ఎక్కువ కావాలని గుర్తించి, అందరికంటే ఎక్కువ కేటాయించిన ప్రభుత్వమే, అతను తినే చీజ్‌ని మాత్రం లేకుండా చేసింది. ప్రొటీను లెక్క సరిపోయింది. కాల్షియం లెక్క నిజానికి మెరుగైంది. అతని చద్ది పెట్టెలో ఏదో తేడా వచ్చిందని చెప్పే గడి మాత్రం ఏ పట్టికలోనూ లేదు.

ఆ నిర్ణయం పూర్తిగా తప్పనలేను. ఓడలు మునుగుతున్నప్పుడు స్టిల్టన్ గురించి బెంగపడేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. పైగా అవే సంవత్సరాల్లో, అదే సామ్రాజ్యంలో, ఇంకోచోట ఏం జరిగిందో మనకి తెలుసు. నీలగిరి కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకి అప్పుడు వాలెస్ ఏక్రాయిడ్ అధిపతి. భారతీయ ఆహారాల పోషక విలువల మీద 1937లోనే పుస్తకం తెచ్చినవారు. అంటే అంకెలు ఇక్కడా ఉన్నాయి. 1943లో బెంగాల్లో లక్షలమంది ఆకలితో చచ్చిపోయారు. ఆ కరువు మీద వేసిన విచారణ సంఘంలో ఏక్రాయిడ్ కూడా కూర్చున్నారు. 15 లక్షలమంది పోయారని ఆ సంఘం తేల్చింది. 30 లక్షల దాకా ఉంటుందని తరవాతి లెక్కలు. బ్రిటన్‌లో పట్టిక వెనక ఓడలున్నాయి, కూపన్లున్నాయి, జవాబు చెప్పుకోవాల్సిన మంత్రి ఉన్నాడు. ఇక్కడ పట్టిక ఒక్కటే ఉంది.

బ్రిటన్‌లో చీజ్ రేషను 1954 మే దాకా నడిచింది. అప్పటికి ఒక తరం పిల్లలు చీజ్ అంటే గవర్నమెంట్ చెడారే అనుకుని పెరిగారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మూడు వేలకు పైగా ఉన్న పల్లె చీజ్ తయారీ ఇళ్ళు, రెండోది ముగిసేసరికి ఇంచుమించు వందకి పడ్డాయి. అదే 1954లో స్ట్రీట్లీ అనే చిన్న ఊళ్ళో ప్యాట్రిక్ రాన్స్ అనే మాజీ సైనికాధికారి కొట్టు పెట్టి, మిగిలిన పల్లె చీజ్‌ల్ని ఒక్కొక్కటే వెతికి తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. వాటి మీద 1982లో పెద్ద పుస్తకమే రాశారు. ఇవాళ కేర్‌ఫిల్లీ మళ్ళీ దొరుకుతోంది. దాని చుట్టూ ఉన్న బొగ్గు గనులే మూతపడ్డాయి.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. 2017లో వాళ్ళు దేశమంతా తిరిగి నమూనాలు సేకరించి, 528 ఆహారాలకి కొత్త పట్టికలు వేశారు. పిజ్జా కొట్లు మండల కేంద్రాల దాకా వచ్చేసిన రోజులు, దోసె మీద కూడా చీజ్ తురుము పడుతున్న రోజులు. పాల పదార్థాల పేజీ తీశాను. గేదెపాలు, ఆవుపాలు, పన్నీరు, కోవా. చీజ్‌కి ఆ ఒక్క వరుస కూడా లేదు.