మిద్దె ఇల్లు, అరబ్బు లోగిలి: ఎండను ఆపే ఇంటి లెక్క

బళ్లారి ఎండ గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. మారింది మన ఇళ్లే. తాతల నాటి మిద్దెను అన్నదమ్ములు పంచుకోవడం, ఎవరి భాగం వారు పడగొట్టి స్లాబు వేసుకోవడం మన కుటుంబాల్లో చాలా చోట్ల జరిగింది. ఇంకా పడగొట్టని మిద్దెలు కొన్ని మిగిలాయి. వాటిని ఏం చేయాలి, కొత్త ఇల్లు కడితే చల్లగా ఉండేలా ఎలా కట్టాలి అని ఆలోచించేవారి కోసం ఈ వివరాలను ఒకచోట చేర్చాం.

మన మిద్దెలో ఏముంది

1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్లారితో పాటు మిగతా తాలూకాలు మైసూరుకూ వెళ్లాయి. సరిహద్దు మారింది గానీ ఇళ్లు మారలేదు. ఇటు కురుగోడులో చూసినా అటు ఆలూరులో చూసినా అదే మిద్దె: అడుగున్నర నుంచి రెండడుగుల మందం గోడ, దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కట్టెలో బండలో పరిచి మట్టి, పైన చౌడు. వెలుతురుకూ పొగ పోవడానికీ గవాక్షి. పెద్ద ఇళ్లలో మధ్యన ఆకాశానికి తెరిచిన అంగణం, చుట్టూ పడసాల.

మందపాటి మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలి దాకా వచ్చేసరికి సాయంత్రం దాటుతుంది. అప్పటికి బయట చల్లబడుతుంది, మనుషులు మంచాలు తీసుకుని మిద్దె మీదికి పోతారు. పగలు కింద, రాత్రి పైన. ఇల్లూ మనిషీ కలిసి ఎండను తప్పించుకునే పద్ధతి ఇది.

అరబ్బు ఇంటిలోనూ ఇదే లెక్క

బాగ్దాద్, డమాస్కస్, కైరో నగరాల పాత ఇళ్లను చూస్తే మనకు కొత్తగా అనిపించదు. వీధి వైపు పెద్ద కిటికీలు లేని మందపాటి గోడలు, లోపల ముంగిలి, చుట్టూ గదులు. రాత్రి చల్లగాలి బరువుగా ఉండి ముంగిలిలోకి దిగుతుంది, అక్కడి నుంచి గదుల్లోకి చేరుతుంది. పొద్దున ఎండ ఎక్కకముందే తలుపులు మూస్తే ఆ చల్లదనం మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ముంగిలిలో నీటి తొట్టి, ఒక చెట్టు ఉంటే పొడి గాలి ఇంకా చల్లబడుతుంది.

వారి దగ్గర ఉండి మన దగ్గర అంతగా లేనివి మూడు. మొదటిది, ఉత్తరానికి తెరిచిన వేసవి గది. అందులోకి నేరుగా ఎండ పడదు. రెండోది మష్రబియా, అంటే కర్ర జాలీ కిటికీ. గాలి వస్తుంది, ఎండ విరుగుతుంది, ఇంటి మరుగు చెడదు. మూడోది మల్కఫ్, కప్పు మీద గాలి వీచే వైపు నోరు తెరిచిన గోపురం లాంటిది. పై గాలిని పట్టి గదిలోకి దింపుతుంది.

యెమెన్‌లోని షిబాంలో ఏడంతస్తుల దాకా ఉన్న పచ్చి ఇటుకల మేడలు 16వ శతాబ్దం నుంచి నిలిచి ఉన్నాయి. 1982లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి నిలిచింది మట్టి గొప్పతనం ఒక్కదానితోనే కాదు, తరతరాలుగా పూత పూస్తూ ఉన్నందుకు. వానాకాలం ముందు మనవాళ్లు చౌడు వేయించినట్టే అది కూడా.

హంపిలో రెండూ కలిసిన చోటు

అరబ్బు గుర్రాలు పడమటి తీరపు రేవుల్లో దిగి విజయనగరానికి వచ్చేవి. 1443లో హేరాత్ నుంచి రాయబారి అబ్దుర్ రజాక్ ఇక్కడికి వచ్చాడు. ఆ రాకపోకల గుర్తులు కట్టడాల్లో కనిపిస్తాయి: కమల్ మహల్ కమానులు, ఏనుగుల సాలల మీది గుమ్మటాలు, నడిమధ్య ఆకాశానికి తెరిచి చుట్టూ నడవాలున్న రాణి స్నానఘట్టం. 2021 దాకా హంపి మన జిల్లాలోనే ఉండేది. మన మేస్త్రీల నోట ఇప్పటికీ ఉన్న మరమ్మతు, ఇమారతు అనే మాటలు అరబ్బీ నుంచి వచ్చినవే.

కొత్తగా కట్టేవారికి

నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని మన మీదికే వదులుతుంది. స్లాబు తప్పదంటే ఇవి చూసుకోండి.

నేల: సిరుగుప్ప, బళ్లారి వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. అది గోడకు పనికిరాదు, పునాది కూడా గట్టి నేల దాకా దించాలి. మట్టి ఇటుకకు ఎర్రమట్టి మేలు. దానిలో నూటికి అయిదు పాళ్ల దాకా సిమెంటు కలిపి యంత్రంతో ఒత్తిన ఇటుకను కాల్చనక్కరలేదు.

గోడ: లోపల ఖాళీ ఉండేలా ఇటుకలను నిలబెట్టి కట్టే పద్ధతిని లారీ బేకర్ కేరళలో బాగా వాడుకలోకి తెచ్చాడు. ఇటుకలు సుమారు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని అడ్డుకుంటుంది.

కప్పు: స్లాబు మీద పెంకు ముక్కలు, సున్నం పరిచి తెల్ల సున్నం కొట్టండి. ఖర్చు తక్కువ, తేడా మొదటి వేసవికే తెలుస్తుంది.

గాలి: జూన్ నుంచి మనకు గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, మధ్యాహ్నపు ఎండా అటే. కనుక పడమట పెద్ద కిటికీ వద్దు. పైన చిన్న గవాక్షి, దానికి చూరు, తూర్పున ఎత్తులో మరో రంధ్రం ఉంటే వేడిగాలి పోయే దారి ఉంటుంది.

అంగణం: పది అడుగుల చదరం వదిలినా చాలు. ఖనిజం లారీలు తిరిగే దారి పక్కనైతే దుమ్ము పడుతుంది. అక్కడ వీధి వైపు గోడ ఎత్తు పెంచి, అంగణాన్ని ఇంటి వెనక్కి జరపాలి. చుట్టూ వరి మడులున్న క్యాంపుల్లో గాలి తేమగా ఉంటుంది. అక్కడ నీటి తొట్టి కంటే అటూ ఇటూ గాలి పారే దారే ముఖ్యం.

పాత మిద్దె ఉన్నవారికి

ముసురు పట్టినప్పుడు పాత మిద్దెలు కూలి ప్రాణాలు పోయిన సంగతి మనకు తెలుసు. ప్రేమ ఉందని ప్రమాదంలో ఉండకూడదు. ముందు దూలాల చివరలు చూడండి. గోడలో దిగిన చోటే చెద పడుతుంది, చివుకుతుంది. తడి ఎక్కిన గోడ, వంగిన దంతె కనిపిస్తే వాన రాకముందే పైమట్టి బరువు తగ్గించాలి. ఏటేటా పాత చౌడు తీయకుండా కొత్తది వేస్తూ పోవడమే చాలా మిద్దెలను కుంగదీసింది.

గోడలు గట్టిగా ఉంటే కప్పు ఒక్కటి మార్చుకోవచ్చు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరిని మట్టితో అందంగా కట్టించాడు. ఊరివాళ్లు చాలామంది అక్కడికి మారలేదు. ఇంట్లో ఉండేవారికి ఇష్టం లేనిది ఎంత చల్లగా ఉన్నా ఇల్లు కాదు. అందుకే పంపకాల మాట వచ్చినప్పుడే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఇంటి పెద్దలు ఒకసారి ఆ పడసాలలో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. అంగణం మధ్యన గోడ లేపితే అటువాళ్లకూ ఇటువాళ్లకూ గాలి పోతుంది.

మీరు పడగొట్టక తప్పని పరిస్థితి వస్తే, పాత దూలాలు, బండలు తూకానికి అమ్మేయకుండా కొత్త ఇంట్లో వాడుకోండి. తలుపు చౌకట్టు ఒక్కటి నిలిపినా పిల్లలకు ఆ ఇంటి గుర్తు మిగులుతుంది.